ఫోటోల బ్యాకప్‌కి నమ్మకమైన పోర్టబుల్ హార్డ్ డ్రైవ్ ఏది?

మల్లెపందిరి
అందరికీ నమస్కారం. పెళ్లి ఫోటోలు, పిల్లల చిన్నప్పటివి, నాన్నగారి పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసినవి అన్నీ కలిపితే దాదాపు 1.3 టీబీ ఉన్నాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లో, కొన్ని ఫోన్‌లో, మిగతావి మెమరీ కార్డుల్లో. ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, స్టోరేజ్ నిండిపోయిందని మెసేజ్. ఒక పోర్టబుల్ డ్రైవ్ కొని అన్నీ అందులో వేసి, ల్యాప్‌టాప్ ఖాళీ చేద్దామనుకుంటున్నాను. రివ్యూలు చదివితే బుర్ర తిరుగుతోంది. ఒకే మోడల్ గురించి ఒకరు ఏళ్ల తరబడి వాడుతున్నామంటారు, ఇంకొకరు మూడు నెలల్లో పోయిందంటారు. ఏ కంపెనీది తీసుకోవాలి? ఎస్ఎస్‌డీ మంచిదా, మామూలు హార్డ్ డిస్కా? టెక్నికల్ సంగతులు నాకు పెద్దగా తెలియవు, కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

కొండగాలి
ఎస్ఎస్‌డీ తీసుకోండి, ఇంక ఆలోచించకండి. లోపల తిరిగే భాగాలేవీ ఉండవు, చేతిలోంచి జారిపడినా టెన్షన్ లేదు. నేను శాంసంగ్ టీ7 వాడుతున్నాను. జేబులో పడిపోతుంది, కాపీ కూడా చాలా స్పీడ్. హార్డ్ డిస్కుల కాలం అయిపోయింది.

రావిచెట్టు
అయిపోలేదు అన్నా. రోజూ బ్యాగులో వేసుకుని తిరగడానికైతే ఎస్ఎస్‌డీయే, అందులో వాదన లేదు. ఆవిడ అడిగింది ఫోటోలు దాచుకోవడం గురించి. అలాంటి డ్రైవ్ ఏడాదిలో కొన్నిసార్లే కంప్యూటర్‌కి తగులుతుంది, మిగతా కాలమంతా బీరువాలోనే. 1.3 టీబీ ఇప్పటికే ఉందంటే 2 టీబీ త్వరలోనే నిండుతుంది, 4 టీబీ చూడాలి. ఆ సైజులో ఒక ఎస్ఎస్‌డీ కొనే డబ్బుకి హార్డ్ డిస్కులు రెండు వస్తాయి. ఇక్కడ ఆ రెండు అనేదే అసలు విషయం.

పాతలెన్స్
మల్లెపందిరి గారూ, కంపెనీ పేరు చెప్పేముందు ఒక్క మాట. "అన్నీ అందులో వేసి ల్యాప్‌టాప్ ఖాళీ చేద్దామనుకుంటున్నాను" అన్నారు చూడండి, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. అలా చేస్తే అది బ్యాకప్ అవదు. ఉన్న ఒక్క కాపీ ల్యాప్‌టాప్‌లోంచి డ్రైవ్‌లోకి వెళ్తుంది, అంతే. పైగా ఇప్పుడు మూడు చోట్ల చెదిరి ఉన్నవి రేపు ఒక్క చోటే ఉంటాయి. ఆ డ్రైవ్ పోయిన రోజు మొత్తం పోతాయి.

ఫోటోగ్రఫీలో ఉన్నవాళ్లం 3-2-1 అని ఒక పద్ధతి పాటిస్తాం. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి ఫోటోకీ మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల స్టోరేజ్ మీద ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. మూడోది కష్టమనిపిస్తే ముందు రెండు డ్రైవులతో మొదలుపెట్టండి. ఒకటి మీ దగ్గర, ఒకటి అక్కచెల్లెళ్ల ఇంట్లోనో, ఆఫీసు సొరుగులోనో. దొంగతనం జరిగినా, నీళ్లు వచ్చినా, మంటలు అంటుకున్నా రెండూ ఒకేసారి పోకూడదు కదా.

నాన్నగారి ఆల్బమ్‌లు స్కాన్ చేయించానన్నారు. ఆ ప్రింట్లు పారేయకండి. అవీ ఒక కాపీయే.

మల్లెపందిరి
అయ్యో, నేను ఆ కోణంలో చూడలేదండీ. సరే, రెండు కొంటాను. రెండూ ఒకే కంపెనీవి కొనవచ్చా?

రావిచెట్టు
వేరువేరు కంపెనీలవి తీసుకోండి. ఒకే మోడల్, ఒకే రోజు తయారైన జత కొంటే, ఆ బ్యాచ్‌లో లోపం ఏదైనా ఉంటే రెండింటికీ ఉంటుంది.

కంపెనీల సంగతికొస్తే, బయట ఎన్ని పేర్లు కనిపించినా హార్డ్ డిస్కులు తయారుచేసేవాళ్లు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ముగ్గురే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. శాంసంగ్ హార్డ్ డిస్కుల వ్యాపారం 2011లో సీగేట్ చేతికి వెళ్లింది. హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్ కొనేసింది. నారింజ రంగు రబ్బరు అంచుతో వచ్చే లసీ డ్రైవులు చూసి ఉంటారు, ఆ కంపెనీ కూడా సీగేట్‌దే. బాక్సు మీద ట్రాన్సెండ్ అనో ఏడేటా అనో రాసి ఉన్న హార్డ్ డ్రైవ్ కొన్నా, లోపల తిరిగే డిస్క్ ఈ ముగ్గురిలో ఒకరిది.

ఇక ఎవరిది ఎక్కువ కాలం నిలుస్తుందంటారా? బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ కంపెనీ తమ డేటా సెంటర్లలో ఏ డ్రైవులు ఎన్ని పోతున్నాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. ఈ మధ్య సంవత్సరాల్లో పోయే డ్రైవులు మొత్తం మీద ఏడాదికి 1.5 శాతం అటూ ఇటూ. ఒకే కంపెనీలోనే ఒక మోడల్ చాలా బాగుంటుంది, ఇంకోటి బాగుండదు. పైగా అవి రాత్రీపగలూ ర్యాక్‌లో తిరిగే 3.5 అంగుళాల పెద్ద డ్రైవులు. మన చేతిలో పట్టే 2.5 అంగుళాల పోర్టబుల్‌కి ఆ అంకెలు నేరుగా వర్తించవు. అందుకే రివ్యూలు చదివి బుర్ర పాడుచేసుకోవద్దనేది. ఏ కంపెనీది కొన్నా, కొన్ని పోయేవి ఉంటాయి, అది మీదే అవ్వచ్చు.

సెక్టార్‌జీరో
డేటా రికవరీ పనిలో ఉన్నాను. మా బల్ల మీదకి ఎలాంటివి వస్తాయో చెబితే కొనేటప్పుడు ఉపయోగపడుతుందేమో.

పోర్టబుల్ డ్రైవుల్లో ఎక్కువగా చూసేది రెండు రకాలు: కింద పడ్డవి, పోర్టు పోయినవి. చాలా హార్డ్ డ్రైవులకి ఇప్పటికీ ఆ వెడల్పాటి, పల్చటి మైక్రో-బి పోర్టే ఉంటుంది. కేబుల్ పెట్టి డ్రైవ్‌ని ల్యాప్‌టాప్ పక్కన వేలాడదీస్తారు, అటూ ఇటూ కదిలించి కదిలించి లోపలి అతుకు వదులవుతుంది. మొదట డ్రైవ్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. తర్వాత అసలు కనిపించదు. టైప్-సి పోర్టు ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

ఇప్పుడు డబ్బా లోపల. కొన్ని పోర్టబుల్స్ విప్పితే ల్యాప్‌టాప్‌లో వాడే మామూలు సాటా డిస్కే ఉంటుంది, దాని చివర చిన్న అడాప్టర్ బోర్డు. పోర్టు పాడైతే ఆ బోర్డు తీసేసి డిస్కుని నేరుగా కంప్యూటర్‌కి తగిలిస్తాం, పని అయిపోతుంది. ఇంకొన్నింట్లో యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది, వేరే అడాప్టర్ ఉండదు. వెస్టర్న్ డిజిటల్ పోర్టబుల్స్‌లో ఎక్కువ భాగం ఈ రకం. దీన్ని లోపం అనను, సన్నగా చేయడానికి అలా డిజైన్ చేస్తారు. కానీ పోర్టు పోయినప్పుడు పని పెరుగుతుంది. వాళ్ల మై పాస్‌పోర్ట్ రకంలో చాలా మోడళ్లు మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మార్చే) రాస్తాయి, తాళం ఆ బోర్డులోనే ఉంటుంది. బోర్డు కాలిపోతే డిస్క్ పలకలు శుభ్రంగా ఉన్నా ఫోటోలు తీయడం చాలా కష్టం. రెండో కాపీ ఉంటే ఇవేవీ మీకు సమస్య కావు.

కింద పడటం గురించి. డిస్క్ తిరిగేటప్పుడు దాన్ని చదివే హెడ్ పలకకి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. ఆపగానే హెడ్ పక్కకి వెళ్లి కూర్చుంటుంది. 2.5 అంగుళాల డ్రైవుల స్పెసిఫికేషన్ షీట్లలో చూస్తే, నడుస్తున్నప్పుడు తట్టుకునే కుదుపు చాలావాటికి 400 జీ దగ్గర, ఆగి ఉన్నప్పుడు 1000 జీ దగ్గర రాసి ఉంటుంది (జీ అంటే భూమి ఆకర్షణకి ఎన్ని రెట్లో చెప్పే కొలత). కాబట్టి కాపీ అవుతుండగా డ్రైవ్‌ని ముట్టుకోకండి. మంచం మీద, ఒడిలో, కుర్చీ అంచున పెట్టకండి. గట్టి బల్ల మీద, కేబుల్ ఎవరి కాలికీ తగలకుండా పెట్టండి.

డ్రైవ్ ఎప్పుడైనా టిక్, టిక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే తీసేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని మళ్లీ మళ్లీ పెట్టినకొద్దీ హెడ్ పలకని గీకుతుంది. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెప్తే వినకండి. లోపల తేమ పట్టి ఉన్న అవకాశం కూడా పోతుంది.

కొండగాలి
సెక్టార్‌జీరో అన్నా, నువ్వు చెప్పినవన్నీ ఎస్ఎస్‌డీ తీసుకోవడానికి కారణాలే కదా! హెడ్ లేదు, పలక లేదు.

సెక్టార్‌జీరో
నిజమే, పడితే ఎస్ఎస్‌డీయే బతుకుతుంది. కానీ అది పోయేటప్పుడు సాధారణంగా చెప్పి పోదు. హార్డ్ డిస్క్ చాలాసార్లు ముందు నెమ్మదిస్తుంది, శబ్దం చేస్తుంది, ఒకటి రెండు ఫైళ్లు తెరుచుకోవు, అంటే ఎంతో కొంత తీసుకునే టైమ్ ఇస్తుంది. ఎస్ఎస్‌డీలో కంట్రోలర్ చిప్ పోతే నిన్నటి దాకా పనిచేసింది ఇవాళ కంప్యూటర్‌కి కనిపించదు. అలాంటి వాటిలోంచి తీయడం మాకు హార్డ్ డిస్క్ కన్నా తరచూ కష్టమే.

రావిచెట్టు
ఇంకోటి, ఎస్ఎస్‌డీలో డేటా నిలిచేది చిప్‌లో బంధించిన విద్యుదావేశం రూపంలో. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంటే అది మెల్లగా కారిపోతుంది.

కొండగాలి
ఈ మాట అందరూ అంటారు, ఏడాదికే ఫోటోలు ఆవిరైపోతాయన్నట్టు. అసలు లెక్క వేరు. చిప్‌లకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం మామూలు వాడకపు ఎస్ఎస్‌డీ, దాని రాత సామర్థ్యం మొత్తం వాడేసిన తర్వాత కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది డేటా నిలుపుకోవాలి. అది అరిగిపోయిన డ్రైవ్‌కి పెట్టిన కనీస షరతు. ఒకసారి ఫోటోలు నింపి దాచిన కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువ కాలం ఉంటుంది.

రావిచెట్టు
ఆ వివరం సరైనదే, ఒప్పుకుంటాను. వేడి పెరిగినకొద్దీ ఆ గడువు తగ్గుతుందని కూడా కలుపు. నా సలహా ఇది: ఎస్ఎస్‌డీని చేతికింద తరచూ వాడే కాపీగా పెట్టుకో, బీరువాలోకి మాత్రం హార్డ్ డిస్క్ వెళ్లనీ.

కొండగాలి
దీనికి నాకు అభ్యంతరం లేదు.

నీలిచుక్క
అందరూ డ్రైవ్ గురించే మాట్లాడుతున్నారు, ఫోన్‌లో ఉన్న ఫోటోల సంగతి ఎవరూ ఎత్తలేదు. మల్లెపందిరి గారూ, మీది ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద "ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్" ఆన్‌లో ఉందేమో ముందు చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ఫోన్‌లో స్థలం తగ్గినకొద్దీ అసలు ఫోటోలు ఐక్లౌడ్‌లోనే ఉండిపోతాయి, ఫోన్‌లో చిన్న సైజువి ఉంటాయి. కేబుల్ పెట్టి కాపీ చేస్తే పూర్తి సైజువి రాకపోవచ్చు, కొన్ని అసలు రాకపోవచ్చు.

గూగుల్ ఫోటోస్ వాడుతుంటే "స్టోరేజ్ సేవర్" ఉందా "ఒరిజినల్ క్వాలిటీ" ఉందా చూడండి. సేవర్‌లో 16 మెగాపిక్సెల్ దాటినవాటిని కుదించి దాస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపించుకున్న ఫోటోలైతే అప్పటికే కుదించినవి. బంధువుల దగ్గర ఒరిజినల్స్ ఉంటే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

ముఖ్యమైనది ఇంకొకటి. గూగుల్ ఫోటోస్, ఐక్లౌడ్ చేసేది సింక్. సింక్ ఆన్‌లో ఉండగా గూగుల్ ఫోటోస్ యాప్‌లోంచో, ఐక్లౌడ్‌కి కలిపిన ఐఫోన్ ఫోటోస్‌లోంచో ఒక ఫోటో తీసేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత లేదు. అందుకే వాటిని 3-2-1లో ఒక కాపీగా లెక్కపెట్టేముందు ఆలోచించండి.

మల్లెపందిరి
నీలిచుక్క గారూ, మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. ఇప్పుడే చూశాను, నా ఫోన్‌లో ఆ ఆప్టిమైజ్ ఆన్‌లోనే ఉంది! ఇప్పుడేం చేయాలి?

నీలిచుక్క
కంగారు పడకండి, ఒరిజినల్స్ ఐక్లౌడ్‌లో క్షేమంగా ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఐక్లౌడ్ సైట్‌లోంచి కొన్ని కొన్నిగా డౌన్‌లోడ్ చేయవచ్చు. ఫోటోలు చాలా ఎక్కువైతే ఆపిల్ వాళ్ల ప్రైవసీ పేజీలో "మీ డేటా కాపీ కావాలి" అని అడిగితే అన్నీ జిప్ ఫైళ్లుగా ఇస్తారు. వచ్చాక ఒకటి రెండు తెరిచి సైజు, తీసిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

గూగుల్ వాడేవాళ్ల కోసం కూడా చెబుతున్నాను: టేకౌట్ (మన డేటా అంతా డౌన్‌లోడ్ చేసుకునే గూగుల్ సేవ) ద్వారా తెచ్చుకుంటే ప్రతి ఫోటో పక్కన ఒక జేసన్ ఫైల్ వస్తుంది. మనం మార్చిన తేదీలు, రాసిన వివరణలు అందులో ఉంటాయి. చెత్త అనుకుని డిలీట్ చేయకండి.

మల్లెపందిరి
రెండు డ్రైవులు వచ్చాయి. ఒకటి తోషిబా, ఒకటి సీగేట్, రెండూ 4 టీబీ. ల్యాప్‌టాప్ విండోస్, చెల్లెలిది మ్యాక్. పెట్టగానే 4 టీబీకి బదులు 3.63 టీబీ అని చూపిస్తోంది. మోసమా ఇది?

రావిచెట్టు
మోసం కాదండీ. కంపెనీ 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కవేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కవేసి అదే పేరు పెడుతుంది. ఏ 4 టీబీ డ్రైవ్ అయినా అక్కడ 3.63గానే కనిపిస్తుంది.

ఫోటోలు వేసేముందు ఒక్క పని చేయండి. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్‌లోకి వెళ్లి, "క్విక్ ఫార్మాట్" టిక్ తీసేసి మొదలుపెట్టండి. గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. డ్రైవ్ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి రాసినట్టు అవుతుంది, పుట్టుకతో లోపం ఉంటే చాలావరకు ఇక్కడే బయటపడుతుంది. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూడండి. రీలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయని అనుమానమున్నవి) రెండూ సున్నా ఉండాలి. కొత్త డ్రైవ్‌లో అక్కడ ఏ అంకె కనిపించినా వెంటనే వెనక్కి ఇచ్చేయండి.

ఇక ఏ ఫార్మాట్ అంటే, మీ ల్యాప్‌టాప్‌కే తగిలిస్తే ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టుకోండి. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ దాని మీద రాయలేదు. చెల్లెలు కూడా ఫోటోలు వేయాలంటే ఎక్స్‌ఫ్యాట్ తప్పదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ ఉండదు, అంటే రాస్తుండగా కేబుల్ ఊడితే దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఎజెక్ట్ కొట్టకుండా ఎప్పుడూ లాగకండి.

మల్లెపందిరి
ఫార్మాట్ అయింది, రెండింట్లోనూ సున్నాలే. కాపీ మొదలుపెట్టాను. మొదట 120 ఎంబీ స్పీడ్ వచ్చింది, ఓ గంట తర్వాత 25కి పడిపోయింది, ఒక్కోసారి పూర్తిగా ఆగి మళ్లీ కదులుతోంది. డ్రైవ్ పాడైందా? టెన్షన్‌గా ఉంది.

సెక్టార్‌జీరో
పాడవలేదు, స్థిమితంగా ఉండండి. ఇప్పుడొచ్చే పెద్ద సైజు 2.5 అంగుళాల డ్రైవులు దాదాపు అన్నీ ఎస్ఎంఆర్ పద్ధతివి. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా డేటా వరుసలు ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా రాస్తుంది. తక్కువ చోటులో ఎక్కువ పట్టించడానికి అది ఉపాయం. ముందు వచ్చిన డేటాని ఒక తాత్కాలిక జాగాలో గబగబా రాసుకుంటుంది, ఆ జాగా నిండాక అన్నీ సర్దుకుంటూ రాయాలి కాబట్టి నెమ్మదిస్తుంది. మూడు కంపెనీలూ కొన్ని మోడళ్లలో ముందుగా చెప్పకుండా ఈ పద్ధతి వాడాయని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. అది నాస్‌లలో (ఎప్పుడూ ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌లో ఫైళ్లు అందించే డబ్బాల్లో) వాడేవాళ్లకి నిజమైన ఇబ్బంది. ఒకసారి రాసి దాచుకునే ఫోటోలకి ఏం ఫర్వాలేదు.

ఒక సంవత్సరం ఫోల్డర్ కాపీ చేయండి, డ్రైవ్‌ని కనెక్ట్ చేసే ఉంచి కాసేపు వదిలేయండి, తర్వాత ఇంకో సంవత్సరం. లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల సర్దుకుంటోందని అర్థం.

మొదటి నుంచీ 35, 40 మాత్రమే వస్తే అది వేరే సంగతి, కేబులో పోర్టో పాత యూఎస్‌బీ 2ది అయి ఉంటుంది.

పాతలెన్స్
కాపీ అయ్యాక అక్కడితో వదిలేయకండి. డ్రైవ్ ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టి, ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో "ఫైల్ కంటెంట్" ప్రకారం పోల్చి చూడండి. తీసి పెట్టమనడానికి కారణం ఉంది. అలా చేయకపోతే కంప్యూటర్ తన మెమరీలో ఉన్నదాన్నే చదివి అంతా బాగుందని చెప్పే అవకాశం ఉంది. పోలిక పూర్తయి తేడాలు లేవని చూపిస్తేనే మెమరీ కార్డు ఖాళీ చేయండి.

అదే ప్రోగ్రామ్‌లో "మిర్రర్" అని ఉంటుంది, దాని జోలికి పోకండి. ల్యాప్‌టాప్‌లో పొరపాటున పోయిన ఫోల్డర్‌ని బ్యాకప్‌లోంచి కూడా తీసేస్తుంది. "అప్‌డేట్" వాడండి, కొత్తవి, మార్చినవి చేరుస్తుంది, బ్యాకప్‌లోంచి ఏ ఫైల్‌నీ తీసేయదు.

రెండు డ్రైవులూ ఒకేసారి ఒకే ల్యాప్‌టాప్‌కి తగిలించవద్దు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లాంటిది వస్తే ఆ సమయంలో కనెక్ట్ అయి ఉన్నవన్నీ లాక్ చేసేస్తుంది.

మల్లెపందిరి
పోలిక పూర్తయిందండీ, మొదటి డ్రైవ్‌లో తేడాలేమీ లేవు. రెండోది రేపు మొదలుపెడతాను, అది చెల్లెలి దగ్గర ఉంటుంది. దానికి పాస్‌వర్డ్ పెట్టాలా?

రావిచెట్టు
పిల్లల ఫోటోలతోపాటు ఆధార్, పాస్‌పోర్ట్ స్కాన్‌లు కూడా ఉంటే వాటిని వేరే ఫోల్డర్‌గా పెట్టి, దానికి మాత్రం వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో తాళం వేయండి. మామూలు కుటుంబ ఫోటోలకి నేనైతే పెట్టను. ఇరవై ఏళ్ల తర్వాత పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే పిల్లలకే అందవు.

పాతలెన్స్
రెండు డ్రైవుల మీదా కొన్న నెల, సంవత్సరం మార్కర్‌తో రాయండి. ఆరు నెలలకోసారి చెల్లెలి దగ్గరున్నది తెచ్చి, మీ దగ్గరున్నది అక్కడికి పంపండి. మార్చినప్పుడల్లా కొత్త ఫోటోలు చేరతాయి, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూసినట్టూ అవుతుంది. అయిదారేళ్లకి బాగానే నడుస్తున్నా కొత్తది కొని దాంట్లోకి మార్చేయండి.

గోరింక
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చర్చ చదివి నేనూ వెతికితే 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అని ఒకటి కనిపించింది, మీరు చెప్పిన 4 టీబీ హార్డ్ డిస్క్ కన్నా చాలా తక్కువకే. ఆర్డర్ పెట్టేశాను, ఇవాళే వచ్చింది. వాడవచ్చా?

సెక్టార్‌జీరో
ఒక్క ఫోటో కూడా వేయకండి. అలాంటివి విప్పితే లోపల సాధారణంగా చిన్న మెమరీ కార్డు ఒకటి జిగురుతో అంటించి ఉంటుంది. 16 టీబీ అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా మార్చి ఉంచుతారు. మొదటి కొన్ని జీబీలు బాగానే పడతాయి, తర్వాత రాసేవి పాతవాటి మీదే పడతాయి లేదా ఎక్కడికీ వెళ్లవు. ఫైళ్ల పేర్లు మాత్రం అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి అసలు సైజు ఎంతో చెబుతుంది. అది నడిపి, వచ్చిన ఫలితం స్క్రీన్‌షాట్ తీసి, రిటర్న్ గడువు దాటకముందే అమ్మినవాళ్లకి పంపండి.

గోరింక
నడిపాను. 58 జీబీ దగ్గర నుంచి అన్నీ ఎర్రర్లే. రిటర్న్ పెట్టేశాను. పైన చెప్పిన మూడు కంపెనీల్లో రెండింటివి చూసి, ఒక్కొక్కటి తీసుకుంటాను.